చవితి పందిట్లో క్విజ్ ఉంది, ఫోన్‌కి దొరకని ప్రశ్నలు కావాలి

బీచ్‌రోడ్ బాబాయ్ | జూలై 26, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్లో చవితి పందిరి కింద క్విజ్ పెట్టే పని ఈ ఏడాది కూడా నా మెడకే చుట్టారు. హాబీలు, ఫిట్‌నెస్, విమానాలు, చట్టం, ఆకాశం, సాహిత్యం అని ఆరు రౌండ్లు. అంశాలు కమిటీ వాళ్ళవి, తిట్లు నావి.

ఇబ్బంది ఏంటంటే, నేను ప్రశ్న చదవడం పూర్తయ్యేలోపే వెనక వరసలో పిల్లలు ఫోన్‌లో జవాబు చూసేస్తున్నారు. పోయినేడు ఫోన్లన్నీ బుట్టలో వేయించాం. స్మార్ట్ వాచీల సంగతి మర్చిపోయాం.

దానికి తోడు హీలియం గొడవొకటి. 'హీలియం కనిపెట్టింది ఎవరు?' అని అడిగాను. నా కాగితంలో 'జాన్సెన్, గుంటూరు, 1868' అని ఉంది. నాలుగో అంతస్తు సార్ లేచి ఇంకో తెల్లాయన పేరేదో చెప్పారు. మైకు గీమంటోంది. తప్పన్నాను. ప్రెషర్ కుక్కర్ రెండో అంతస్తు వాళ్ళు పట్టుకుపోయారు. ఆ రోజు నుంచి సార్ లిఫ్టులో నేను కనబడితే పైన ఫ్యాన్ కేసి చూస్తున్నారు.

కాబట్టి ఫోన్‌కి దొరకనివి, తర్వాత గొడవ రానివి చెప్పండి. మన వైజాగ్‌తో సంబంధం ఉంటే మరీ మంచిది. నెగ్గినవాళ్ళకి ఈసారి కుక్కర్ లేదు, బీచ్‌లో మురీ మిక్స్‌చర్.

చుక్కల లెక్క | జూలై 26, రాత్రి 9:51

బాబాయ్ గారూ, మీ కాగితంలో ఉన్నది సగమే నిజం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ గుంటూరు వచ్చిన మాట వాస్తవమే. సూర్యుడి అంచున ఎగిసే మంటల్ని స్పెక్ట్రోస్కోపుతో, అంటే వెలుగుని రంగు గీతలుగా విడదీసి అది ఏ మూలకానిదో చెప్పే పరికరంతో చూశాడు. గీతలు ఇంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అనిపించి, మర్నాడు మామూలు ఎండలో కూడా చూశాడు. ఆయన గొప్పతనం అది. అంతేగానీ కొత్త మూలకం ఉందని గుంటూరులో ఆయన అనలేదు.

ఆ గీతల్లో పసుపు రంగుది సోడియంది కాదని గట్టిగా పట్టుకున్నవాడు లాకయర్. అదే ఏడాది అక్టోబరులో, ఇంగ్లండ్‌లో, గ్రహణం అవసరం లేకుండానే. సూర్యుణ్ణి గ్రీకులో హీలియోస్ అంటారు, పేరు అలా వచ్చింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ అనే ఆయన అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూశాడు. ఇంతమంది ఉన్న చోట 'ఎవరు' అని అడిగితే గొడవ రాక ఏమవుతుంది? '1868 గ్రహణానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ ఏ తెలుగు ఊరికి వచ్చాడు?' అని అడగండి, సరిపోతుంది.

బీచ్‌రోడ్ బాబాయ్ | జూలై 26, రాత్రి 10:03

అంటే సార్ చెప్పింది లాకయరే అయి ఉంటుంది. రేపు లిఫ్టులో మొహం ఎలా చూపించాలో ఏంటో. ప్రస్తుతానికి మెట్లెక్కుతా.

పొద్దున్నే పరుగు | జూలై 26, రాత్రి 10:10

మెట్లెక్కడం మంచిదే, ఫిట్‌నెస్ రౌండ్ అక్కడే మొదలైంది.

కంచరపాలెం కుర్రోడు | జూలై 27, ఉదయం 7:32

విమానాల రౌండ్ నాకొదిలెయ్ బాబాయ్. బీచ్ రోడ్డులో టీయూ 142 విమానం ఉంది కదా, దానికి మొత్తం ప్రొపెల్లర్ బ్లేడ్లు ఎన్ని? రోజూ దాని ముందు నుంచే పోతాం కదా, గూగుల్ చెయ్యకుండా చెప్పండి.

అక్కయ్యపాలెం అత్త | జూలై 27, ఉదయం 8:05

నాలుగు ఇంజన్లు. ఒక్కోదానికి నాలుగు. పదహారు.

గాజువాక గాలిపటం | జూలై 27, ఉదయం 8:20

మూడేసి కదా? పన్నెండు.

కంచరపాలెం కుర్రోడు | జూలై 27, ఉదయం 8:44

ఇద్దరూ అవుట్. నేనూ పదహారే అనుకునేవాణ్ణి. నిన్న మా అక్క కొడుకుని తీసుకెళ్ళాను. వాడు ఇంజన్ కింద నిలబడి వేలు చూపిస్తూ నాలుగు లెక్కపెట్టాడు. రెండడుగులు పక్కకి జరిగి 'మావయ్యా, దీని వెనకాల ఇంకోటి దాక్కుంది' అన్నాడు. ముందు నాలుగు, వాటి వెనకే ఇంకో నాలుగు. రెండు వరసలూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. ముందు వరస మెలితిప్పిన గాలిని వెనక వరస సరిచేస్తుంది, ఆ శక్తి వృథా పోకుండా విమానాన్ని ముందుకి తొయ్యడానికి పనికొస్తుంది. ఇంజన్‌కి ఎనిమిది, నాలుగు ఇంజన్లకి 32.

1988 నుంచి 2017 దాకా నేవీలో పనిచేసింది. సముద్రం మీద తిరుగుతూ జలాంతర్గాముల్ని వెతకడం దాని డ్యూటీ. ఇప్పుడు రోడ్డుకి అటు కురుసుర జలాంతర్గామి, ఇటు ఇది. కురుసుర 1969లో నేవీలో చేరి 2001లో రిటైరయింది. వెతికేదీ దాక్కునేదీ ఎదురెదురుగా కూర్చుని పెన్షన్ తీసుకుంటున్నాయి.

అక్కయ్యపాలెం అత్త | జూలై 27, ఉదయం 9:02

పదిహేడేళ్ళ నుంచి ఆ రోడ్డులో వాకింగ్ చేస్తున్నాను, విమానం వచ్చినప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. వెనక వరస ఎప్పుడూ కనబడలేదు నాయనా.

గాజువాక గాలిపటం | జూలై 27, ఉదయం 9:30

నాదొకటి రాసుకోండి. మన ఎయిర్‌పోర్టు రన్‌వే ఒక కొసన 10 అని రాసి ఉంటుంది. రెండో కొసన ఎంత? జవాబు 28. దిక్సూచి ప్రకారం రన్‌వే ఎటు చూస్తోందో ఆ డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే ఆ అంకె వస్తుంది. 100 డిగ్రీలంటే 10. వెనక్కి తిరిగితే 180 కలిపి 280, అంటే 28. ఏ దేశంలో ఏ రన్‌వే చూసినా రెండు కొసల మధ్య తేడా 18 ఉండాల్సిందే. లెక్క వచ్చినవాడికి ఫోన్ అక్కర్లేదు.

ధోనీ ప్రశ్న కూడా పెట్టండి, 2005లో మన ఊళ్ళో పాకిస్తాన్ మీద 148.

బీచ్‌రోడ్ బాబాయ్ | జూలై 27, ఉదయం 9:41

రన్‌వే ఓకే. ధోనీ వద్దు. మా వాచ్‌మన్ మనవడు నిద్దట్లో కూడా చెప్తాడు.

నల్లకోటు | జూలై 27, సాయంత్రం 6:15

కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. చట్టం రౌండ్ అనగానే అందరూ 'ప్రాథమిక హక్కులు ఎన్ని' అని అడుగుతారు, జనం ఆవలిస్తారు. అందుకే ఇది అడగండి: బొర్రా గుహల దగ్గరి భూముల మీద వచ్చిన ఏ కేసుని దేశంలో గిరిజన భూముల మాట వచ్చినప్పుడల్లా తిరగేస్తారు?

సమత కేసు. 1997లో సుప్రీంకోర్టు తీర్పు. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ ప్రాంతంలో ప్రైవేటు మైనింగ్ లీజుల మీద మొదలైంది. షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, ఏ 'వ్యక్తీ' భూమిని గిరిజనేతరులకి ఇవ్వకూడదని మన దగ్గర రెగ్యులేషన్ ఉంది. 1959 నాటిది, 1970లో బిగించారు, ఏజెన్సీలో ఎవరినడిగినా 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటారు. కేసంతా ఒక్క మాట మీద తిరిగింది. 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడానా? అవునంది కోర్టు. కాబట్టి ప్రభుత్వం కూడా అక్కడ ప్రైవేటు కంపెనీకి గనులు లీజుకివ్వకూడదు. అరకు వెళ్తూ గుహల్లో సెల్ఫీ దిగి వచ్చేస్తాం గానీ, లా కాలేజీలో ఆ ఊరి పేరు వచ్చినంతగా మన నోట రాదు.

చిన్న పిల్లలకైతే తేలికది: ఎల్‌ఎల్‌బీలో ఎల్ రెండుసార్లు ఎందుకు? లాటిన్‌లో బహువచనం చూపించడానికి అక్షరం రెట్టిస్తారు. అది 'చట్టం' పట్టా కాదు, 'చట్టాల' పట్టా.

ఎంవీపీ టీచరమ్మ | జూలై 27, రాత్రి 8:48

నల్లకోటు గారూ, మీ వృత్తికీ నా సబ్జెక్టుకీ కలిపి ఒకటి. మన ఊరి కోర్టులో ప్లీడరీ చేస్తూ, కథల్లో ఆ కోర్టునే బోనెక్కించిన రచయిత?

నల్లకోటు | జూలై 27, రాత్రి 8:52

ఇది మమ్మల్నే అడగాలా మేడమ్! రావిశాస్త్రి గారు. మద్యనిషేధం రోజుల్లో సారా కేసుల మీద ఆయన రాసిన ఆరు కథలు బార్ అసోసియేషన్‌లో కొత్తగా చేరినవాళ్ళకి నేనే ఇస్తుంటాను. సెక్షన్లు ఎవరైనా చెప్తారు. సాక్షి ఎలా అబద్ధమాడతాడో ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

ఎంవీపీ టీచరమ్మ | జూలై 27, రాత్రి 9:20

ఇంకోటి, ఇది నాకు చాలా ఇష్టమైనది. 1910కీ తెలుగు కవిత్వానికీ ఆకాశానికీ ఉన్న సంబంధం ఏమిటి?

ఆ ఏడాది హేలీ తోకచుక్క వచ్చింది. తోకచుక్క వస్తే అరిష్టమని జనం హడలిపోతున్న రోజులు. ఆ ఏడాదే గురజాడ 'ముత్యాల సరాలు' వచ్చింది. అందులో ఆయన తోకచుక్కని భూమికి దూరపు చుట్టం అన్నారు, దారిన పోతూ డెబ్బై అయిదేళ్ళకోసారి పలకరించి పోయే చుట్టం. గజగజలాడే విషయాన్ని పెళ్ళికి వచ్చిన బాబాయిలా మార్చేశారు. లెక్కా తప్పలేదు, తర్వాత 1986లో వచ్చింది. మళ్ళీ 2061లో.

మన విశాఖలో శ్రీశ్రీ పుట్టింది కూడా ఆ 1910లోనే. తేదీ మాత్రం అడక్కండి బాబాయ్ గారూ, రెండు మూడు వాడుకలో ఉన్నాయి. మీకు ఇంకో లిఫ్ట్ సమస్య వస్తుంది.

చుక్కల లెక్క | జూలై 27, రాత్రి 9:37

1986లో నాకు ఎనిమిదేళ్ళు. నాన్నగారు తెల్లారుజామున లేపి డాబా మీదికి తీసుకెళ్ళారు. 'అదిగో' అన్నారు. నాకేం కనబడలేదు. కనబడిందని చెప్పాను. ఇప్పటికీ ఆయనకి తెలీదు.

పొద్దున్నే పరుగు | జూలై 28, ఉదయం 6:50

ఫిట్‌నెస్ రౌండ్‌కి మూడు. ఒకటి, రోజుకి పదివేల అడుగులన్న లెక్క ఎక్కడిది? డాక్టర్లు చెప్పింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరు. పేరుకే 'పదివేల అడుగుల మీటర్' అని అర్థం, అది ప్రపంచమంతా పాకింది.

రెండు, బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు సరిపోయిందా అని చూసే లెక్క కట్టింది ఏ వృత్తి ఆయన? డాక్టర్ అని ఆరుగురు చెప్తారు. ఖగోళ శాస్త్రవేత్త! బెల్జియం దేశపు కెట్లే, బ్రస్సెల్స్ అబ్జర్వేటరీ పెట్టించినాయన. నక్షత్రాల కొలతల్లో సగటు తీసినట్టే మనుషులకీ తీశాడు. ఎవరికీ బరువు తగ్గమని చెప్పడానికి కాదు. బీఎంఐ అన్న పేరు 1972లో పెట్టారు. మన భారతీయులకి 23 దాటితే చాలు అధిక బరువు కింద లెక్క, 25 దాటితే ఊబకాయం. జిమ్‌లో గోడ మీద చార్టు తెల్లవాళ్ళది, అది చూసి మురిసిపోకండి.

మూడోది, బీచ్ రోడ్డులో విగ్రహంగా నిలబడ్డ మల్లయోధుడెవరు? కోడి రామ్మూర్తి నాయుడు, వీరఘట్టం మనిషి. ఉక్కు గొలుసులు తెంపినాయన, ఛాతీ మీదికి ఏనుగుని ఎక్కించుకున్నాయన. మా బ్యాచ్ కుర్రాళ్ళు ఆ విగ్రహం దగ్గరే స్ట్రెచింగ్ చేస్తారు. ఆయన ఎవరని అడిగితే ఒకడు 'ఫ్రీడమ్ ఫైటర్ సార్' అన్నాడు.

మల్లేశ్వరి గారిది ఉంది గానీ అది అందరికీ తెలుసు. 2000 సిడ్నీలో ఎత్తిన బరువు 110, 130, మొత్తం 240 కిలోలు. టైబ్రేకర్‌కి పెట్టుకోండి.

అక్కయ్యపాలెం అత్త | జూలై 28, మధ్యాహ్నం 2:15

హాబీల రౌండ్ ఎవరూ ముట్టుకోలేదు. నాకు గవ్వలు, శంఖాలు పోగేసే అలవాటు. దక్షిణావర్త శంఖం మీద అడుగు బాబాయ్.

మామూలు శంఖాల్లో చాలా అరుదుగా ఎక్కడో ఒకటి తిరగబడి మెలి తిరుగుతుంది. అదే దక్షిణావర్తం. అందుకే అంత ఖరీదు, అంత పూజ. తమాషా ఏమిటంటే ప్రాణిశాస్త్రం వాళ్ళు దాన్ని ఎడమ మెలిక శంఖం అంటారు. మనం ఒక కొస పైకి పెట్టి చూస్తాం, వాళ్ళు రెండో కొస పైకి పెట్టి చూస్తారు. శంఖం ఒకటే, పట్టుకున్న చెయ్యి వేరు.

నేను ఓసారి మోసపోయాను. బీచ్ దగ్గర ఒకతను 'అమ్మా, అసలు దక్షిణావర్తం' అని అంటగట్టాడు, నాలుగు వేలు. ఇంటికొచ్చి చూస్తే భుజాల మీద బొడిపెలు ఉన్నాయి. అసలుది నున్నగా ఉంటుంది. బొడిపెలున్నది అమెరికా సముద్రంలో దొరికే వేరే నత్త, దానికి పుట్టుకే ఎడమ మెలిక, అక్కడ మామూలు విషయం. లోపల చూస్తే ఇంకా రుజువు, మన శంఖానికి మధ్య కాడ మీద మూడు నాలుగు గట్లు ఉంటాయి, దానికి లేవు. ఇప్పుడు అందులో మనీప్లాంట్ పెట్టాను.

గాజువాక గాలిపటం | జూలై 28, మధ్యాహ్నం 2:40

నాలుగు వేల కుండీ!

చుక్కల లెక్క | జూలై 28, రాత్రి 10:22

ఆకాశం రౌండ్‌కి నేను దాచుకున్నది చెప్తాను. ఇది ఫోన్‌కి దొరకదు, ఎందుకో చివర్లో చెప్తా.

ఏవీఎన్ కాలేజీ అందరికీ తెలుసు. సీవీ రామన్ చదివాడని, వాళ్ళ నాన్నగారు అక్కడ పాఠం చెప్పారని అందరూ చెప్తారు. ఏవీఎన్ అంటే ఎవరు? బోర్డు మీద 'మిసెస్ ఏవీఎన్' అని ఉంటుంది, ఆ మిసెస్ ఎవరు?

అంకితం వెంకట నరసింగరావు. ఆ మిసెస్ ఆయన భార్య. ఆవిడ తండ్రి గోడె జగ్గారావు గారు. ఆయన మద్రాసులో ప్రభుత్వ ఖగోళవేత్త టేలర్ దగ్గర విద్య నేర్చుకుని, 1840 ప్రాంతంలో మన డాబాగార్డెన్స్‌లో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ కట్టించారు. అవును, మీరు బట్టలు కొనడానికి వెళ్ళే డాబాగార్డెన్సే. మామగారు 1856లో పోయాక అల్లుడు దాన్ని నడిపాడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా నల్లచుక్కలా నడుస్తుంటే నరసింగరావు గారు ఇక్కణ్ణుంచి చూసి, లెక్కలు లండన్‌కి పంపారు. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వాళ్ళు అచ్చేశారు. ఆయన ఆ సొసైటీ ఫెలో కూడా.

శుక్రుడు అలా అడ్డొచ్చేది ఎంత అరుదంటే, 1882 తర్వాత మళ్ళీ 2004, 2012. ఇక 2117 దాకా లేదు. 2012 జూన్ 6 పొద్దున్న ఫిల్టరు కళ్ళజోడు పెట్టుకుని బీచ్‌లో నేనూ చూశాను. అప్పటికి నాకు నరసింగరావు గారి సంగతి తెలీదు. తెలిసి ఉంటే డాబాగార్డెన్స్‌లో నిలబడి చూసేవాణ్ణి, షాపుల మధ్య ఎక్కడో చోట.

ఫోన్‌కి ఎందుకు దొరకదంటే, లండన్ పత్రికలో ఆయన పేరు 'నర్సింగ్ రో' అని పడింది. వెతికి చూడండి, నర్సింగ్ కాలేజీల అడ్మిషన్లు వస్తాయి.

ఎంవీపీ టీచరమ్మ | జూలై 28, రాత్రి 10:50

శ్రీశ్రీ కూడా ఆ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశారు. ఒక్క కాలేజీ గేటు మీదే మూడు రౌండ్లు అయిపోయేట్టున్నాయి.

కంచరపాలెం కుర్రోడు | జూలై 28, రాత్రి 11:05

నేను ఆ కాలేజీలోనే డిగ్రీ చేశాను అన్నా. మూడేళ్ళు. ఏవీఎన్ అంటే జమీందారేమో అనుకున్నా.

చుక్కల లెక్క | జూలై 29, ఉదయం 7:10

ఆదివారం ఆగస్టు 2 కదా. మన ఊరికి నీడ లేని రోజు. కర్కాటక, మకర రేఖల మధ్య ఊళ్ళకి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మనకి మే 10, 11 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 2, 3 ప్రాంతంలో ఒకసారి. 12 గంటల 3 నిమిషాలకి డాబా మీద నిటారుగా ఏదైనా పెట్టండి. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది, వైజాగ్ 83.3 దగ్గరుంది, అంటే రేఖాంశం వల్ల వచ్చే తేడా మూడు నిమిషాలే. ముంబై వాళ్ళకి నలభై నిమిషాల దగ్గర తేడా ఉంటుంది.

బీచ్‌రోడ్ బాబాయ్ | ఆగస్టు 2, మధ్యాహ్నం 12:31

చూశాను! పొద్దుట నుంచీ మబ్బు. పదకొండున్నరకే స్టీలు గ్లాసు బోర్లించి, గొడుగు పట్టుకుని కూర్చున్నా. మా ఆవిడ రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. 12:01కి మబ్బు చీలి ఎండ పడింది. గ్లాసు చుట్టూ సన్నటి చీకటి గీత తప్ప ఇంకేమీ లేదు, గ్లాసు నేలకి అతికించినట్టుంది. పక్కన బట్టల దండెం గుంజ కూడా అంతే. నాలుగు నిమిషాలకి మళ్ళీ మబ్బు.

ఇంకో మాట. ట్యాంకు అవతల పక్క నాలుగో అంతస్తు సార్ కూడా ఉన్నారు, చేతిలో కొవ్వొత్తి స్టాండు. ఒకరినొకరు చూసుకున్నాం. మాట్లాడుకోలేదు.

అక్కయ్యపాలెం అత్త | ఆగస్టు 2, మధ్యాహ్నం 12:40

ఆయన ఈ థ్రెడ్ చదువుతున్నట్టున్నారే!

నల్లకోటు | ఆగస్టు 4, రాత్రి 9:30

నీళ్ళ చట్టం ఒకటి మిగిలింది. మన దేశపు సముద్రం ఒడ్డు నుంచి ఎంత దూరం? 1976 చట్టం ప్రకారం 12 నాటికల్ మైళ్ళు, అంటే 22 కిలోమీటర్ల చిల్లర. చేపలూ ఖనిజాల మీద హక్కు 200 నాటికల్ మైళ్ళ దాకా, దాదాపు 370 కిలోమీటర్లు. చుక్కల లెక్క గారు, ఆ 22 కిలోమీటర్ల హద్దు కంటికి కనబడాలంటే ఎంత ఎత్తెక్కాలి?

చుక్కల లెక్క | ఆగస్టు 4, రాత్రి 9:58

కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఇసకలో నిలబడితే నాలుగున్నర. 22 రావాలంటే 39 మీటర్లు, పన్నెండు పదమూడు అంతస్తులు. గాలి వెలుగుని కాస్త వంచుతుంది కాబట్టి ఇంకొంచెం తక్కువైనా చాలు. హార్బర్ కోసం లంగరేసి ఉండే ఓడల్ని ఇసకలోంచి చూడండి, దూరంగా ఉన్నవాటికి అడుగు భాగం కోసేసినట్టుంటుంది. కైలాసగిరి ఎక్కి చూస్తే అదే ఓడ నీళ్ళ మీద పూర్తిగా కూర్చుని కనబడుతుంది.

బీచ్‌రోడ్ బాబాయ్ | సెప్టెంబరు 15, రాత్రి 11:48

క్విజ్ అయిపోయింది. ఫోన్లు ఎవరి దగ్గర వాళ్ళకే వదిలేశాను, అడ్డు చెప్పలేదు. బ్లేడ్ల ప్రశ్నకి పదకొండు మంది పదహారన్నారు. ఏవీఎన్ ప్రశ్నకి ఒక పాప నిజంగానే నర్సింగ్ కాలేజీ ఫీజు చదివింది. శంఖం ప్రశ్నకి అత్త ఇచ్చిన కుండీనే తెచ్చి చూపించా, మనీప్లాంట్‌తో సహా.

మైకు తీసుకుని అందరి ముందూ చెప్పాను: 'పోయినేడు నాలుగో అంతస్తు సార్ లాకయర్ అన్నారు, అది సరైన జవాబే, తప్పు నాది' అని. చప్పట్లు కొట్టారు. సార్ మాత్రం నవ్వలేదు.

నాలుగో అంతస్తు | సెప్టెంబరు 16, ఉదయం 6:05

నమస్కారం. జూలై నుంచీ చదువుతున్నాను, ఈరోజే అకౌంట్ తెరిచాను. బాబాయ్ గారూ, నేను లాకయర్ అనలేదు. రామ్సే అన్నాను. సూర్యుడిలో గీతని ఎవరు చూస్తే ఏం, 1895లో హీలియాన్ని భూమ్మీద చేతికి దొరికించుకున్నవాడు విలియం రామ్సే. యురేనియం ఉన్న రాయిని యాసిడ్‌లో వేస్తే వచ్చిన గ్యాసులో పట్టాడు.

బీచ్‌రోడ్ బాబాయ్ | సెప్టెంబరు 16, ఉదయం 6:20

సార్! మరి నిన్న స్టేజి మీద చెప్పకపోయారా?

నాలుగో అంతస్తు | సెప్టెంబరు 16, ఉదయం 6:24

మైకు గీమంటోంది. సాయంత్రం ఆరింటికి కింద గేటు దగ్గర ఉంటాను, బీచ్‌కి వెళ్దాం. మురీ మిక్స్‌చర్ నా లెక్కలో రెండు రావాలి, పోయినేడుది కలిపి. ఉల్లిపాయ ఎక్కువ వేయించండి.